బాయిలరు వైపు పరిగెత్తిన మనిషి

పోయిన నెలలో దామోదరం మేస్త్రీ చచ్చిపోయాడు. కబురు తెచ్చింది మా చిన్నాన్న కొడుకు సుబ్రమణ్యం. వాడు సైకిలు దిగకుండానే ఒక కాలు నేల మీద ఆనించి, "అన్నా, మేస్త్రీ పొయ్యినాడంట. సాయంత్రం ఎత్తుతారంట. వస్తావా?" అన్నాడు. రానన్నాను. "పొయ్యినోడి మింద ఇంకా ఏం కోపమన్నా?" అన్నాడు. నేను పళ్లు తోముకుంటున్నాను. తోముకోవడం పూర్తి చేసి, పుక్కిలించి, మొహం తుడుచుకుని అప్పుడు చెప్పాను, "ఉండాది" అని. వాడు తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్లిపోయాడు. కాలం చేశారు, కన్నుమూశారు, పరమపదించారు అని మర్యాదగా చెప్పే మాటలు మనకు కావలసినన్ని ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఆ మనిషికి వాడను. మా మామను చంపింది బాంబు. ఆ తరువాత మామ పేరును చంపడానికి చూసింది మాత్రం ఈ మేస్త్రీ. నాకు వరసగా చెప్పడం అలవాటు కాబట్టి, ఆ సంగతి మొదటి నుంచీ చెబుతాను.

మా అవ్వ ఊరు చిత్తూరుకు దగ్గరే. ఊరిని ఆనుకుని చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. మా నాయన నగరి వైపు ఒక పల్లెలో బడిపంతులు. అక్కడ పెద్ద చదువులు లేవని నన్ను అవ్వ దగ్గర, అంటే మా అమ్మ పుట్టింట్లో ఉంచాడు. ఆ ఇంట్లో అవ్వ, మా అమ్మ తమ్ముడు చెంగల్రాయుడు మామ, ఆయన భార్య మునెమ్మత్త, నేను. గోడ గడియారం లేదు. మామకు ఒక వాచీ ఉండేది గానీ అది ట్రంకుపెట్టెలోంచి పెళ్లిళ్లకే బయటికి వచ్చేది. ఇంటి కాలమంతా ఫ్యాక్టరీ సైరన్ చేతిలో ఉండేది. పొద్దున సైరన్‌కు అవ్వ సంగటికి ఎసరు పెట్టేది, మధ్యాహ్నం సైరన్‌కు అత్త ఊరిబిండి నూరి క్యారియర్ సర్దేది, సాయంత్రం సైరన్‌కు నేను ఆట మాని కాళ్లు కడుక్కోవాలి. చెరకు ఆడే నెలల్లో ఊరంతా ఉడుకుతున్న పాకం వాసన, దాని అడుగున పులిసిన మడ్డి వాసన. పిప్పి మండిన మసి నల్లటి సన్నటి రేకులుగా గాలిలో తేలి వచ్చి, దండెం మీది పంచెల మీద, చాప మీది ఒడియాల మీద వాలేది. దాన్ని తుడవకూడదు, తుడిస్తే మరక. నోటితో ఊదాలి. మా ఊరివాళ్లందరికీ ఊదడం అలవాటు. చెరకు ఆడటం ఆగి, మసి రావడం మానేసి ఏళ్లయినా, చొక్కా వేసుకునే ముందు నేను భుజాల మీద ఊదుతాను. నా భార్య నవ్వుతుంది.

ఈ సైరన్లు కాక ఇంకొకటి ఉండేది. అది పొడవుగా కాదు, ముక్కలు ముక్కలుగా, ఆగి ఆగి మోగేది. బాయిలరు దగ్గర ఏదో తప్పిందని దాని అర్థం. అది వింటే మామూలు జనం ఫ్యాక్టరీకి దూరంగా పోవాలి. ఫిట్టర్లు మాత్రం, డ్యూటీ ఉన్నా లేకున్నా, ఫ్యాక్టరీ వైపు పరిగెత్తాలి. మా మామ బాయిలరు ఫిట్టరు. మా వీధిలో ఫిట్టరు ఇల్లు ఏదో చెప్పడానికి ఎవరినీ అడగనక్కర లేదు, గడప బయట చెప్పులు చూస్తే చాలు. అందరి చెప్పులూ ఇంటి వైపు మొహం పెట్టి ఉంటే, ఫిట్టర్ల చెప్పులు వీధి వైపు మొహం పెట్టి ఉండేవి, కాలు పెడితే పరుగే అన్నట్టు. మామ ఎప్పుడైనా మరిచిపోయి మామూలుగా విడిస్తే అత్త వంగి వాటిని తిప్పి పెట్టేది. ముక్కల సైరన్ మోగిందంటే మామ ముద్ద మధ్యలో లేచేవాడు. చేయి కూడా కడిగేవాడు కాదు. అత్త కంచం మీద ఇంకో కంచం బోర్లించేది. మామ తిరిగి వచ్చేదాకా ఆ కంచం అక్కడి నుంచి కదిలేది కాదు, ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లూ కాదు.

"నీకు పెండ్లి అయింది మునెమ్మతోనా, బాయిలరుతోనా?" అని అవ్వ తిట్టేది. "అది పేలితే నువ్వు పొయ్యి ఏం సేస్తావురా? సేత్తో పట్టుకుంటావా?"

"పేలకుండా పట్టుకుంటానమ్మా. పేలినాక పట్టుకొనేదానికి ఏముంటాది?" అనేవాడు మామ, ఆరిపోయిన సంగటి మళ్లీ కలుపుకుంటూ.

ఒకసారి నేనూ అడిగాను, అందరూ ఒక వైపు పరిగెత్తుతుంటే నువ్వెందుకు ఇటు పరిగెత్తుతావని. మామ చెంబులో వేలు ముంచి గచ్చు మీద ఒక గుండ్రం గీశాడు, దాని కింద మంట గీశాడు. "సూడు రత్నం. ఈడ నిప్పు ఉండాది. పైన నీళ్లు తగ్గిపోతా ఉండాయి. ఎవురో ఒకరు పొయ్యి నిప్పు ఆర్పల్ల. మనం పారిపోతే నిప్పు ఊరుకుంటాదా?" తడి గీతలు చూస్తుండగానే ఆరిపోయాయి. నేను తిరుపతిలో మెకానికల్ డిప్లొమా చదవడానికి కారణం ఆ గీతలే. నేను చేరిన ఏడాదే మామ దేశం విడిచి వెళ్లాడు.

తీసుకుపోయింది దామోదరం మేస్త్రీ. మా ఊరివాడే. ముందే ఇరాక్ పోయి, నల్ల కళ్లద్దాలతో, టేపురికార్డరుతో వచ్చి, ఒక్కో ఇంటి తిన్నె మీదా కూర్చుని మనుషులను ఏరుకునేవాడు. ఏడాదిలో సగం నెలలు ఫ్యాక్టరీ ఆడటం లేదు, ఆడని నెలలకు మామకు సగం జీతమే. మేస్త్రీ సంగతి చెప్పగానే అవ్వ అడిగింది, "ఆడ యుద్ధమంట కదప్పా?" అని. మేస్త్రీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. "యుద్ధం బార్డర్‌లో పెద్దమ్మా. మనం ఉండేది యాడనో. మన తిరపతికీ ఢిల్లీకీ ఎంత దూరమో అంత దూరం." తరువాత నేను కాలేజీ లైబ్రరీలో అట్లాసు తీసి, కాగితపు అంచుతో కొలిచాను. మామ బాయిలరు పనికి కుదిరిన కరెంటు ఫ్యాక్టరీకీ సరిహద్దుకూ మధ్య, చిత్తూరుకూ శ్రీకాళహస్తికీ ఉన్నంత దూరం కూడా లేదు. నేను కొలిచే నాటికి మామ వెళ్లిపోయి ఉన్నాడు. కొలిచిన సంగతి అవ్వకు చెప్పలేదు, చెప్పి ఉపయోగం లేదు.

తంతి వచ్చిన రోజున నేను హాస్టలులో ఉన్నాను. విమానాలు వచ్చి బాంబులు వేశాయని, పొద్దున టీ తాగే వేళ జరిగిందని, శవం పంపే పరిస్థితి లేదని ముక్కలు ముక్కలుగా తెలిసింది. మామ సైనికుడు కాదు. ఆ యుద్ధంలో ఎవరు గెలిస్తే ఏమిటో ఆయనకు తెలియదు. ఆ రెండు దేశాల పేర్లలో ఏది ఏదో అవ్వకు చివరిదాకా తెలియలేదు. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించారు. నిప్పు పెట్టాక అది మనిషి కాలినట్టు కాలలేదు, గడ్డి కాలినట్టు ఒక్కసారిగా మండి ఆరిపోయింది. ఆ తొందర చూసి నాకు ఒళ్లు మండింది. మామ ఇంట్లో విడిచిపోయిన పాత చెప్పుల జత గడప బయటే ఉంది. ఊరి పెద్దలు తీసి పారేయమన్నా అవ్వ తీయలేదు, వీధి వైపు ఉన్న వాటి మొహం తిప్పలేదు.

కొన్ని నెలలకు మేస్త్రీ సెలవు మీద వచ్చి మమ్మల్ని పలకరించడానికి వచ్చాడు. వీధిలో సగం మంది తిన్నె చుట్టూ చేరారు. అత్త లోపల తలుపు పక్కన నిలబడింది. అవ్వ, "మా వోడు ఎట్ల పొయ్యినాడప్పా?" అని ఒక్క మాటే అడిగింది.

"ఏం సెప్పేది పెద్దమ్మా. మంచోడే, కాదనను. సైరన్ తెలీని అమాయకుడు. ఆడ సైరన్ మోగితే విమానాలు వస్తా ఉండాయని అర్థం, గుంతలోకి దిగల్ల. మనోడేమో అది మన ఊరి ఫ్యాక్టరీ సైరన్ అనుకున్యాడు. బాయిలరు పిలస్తా ఉండాదని ఎదురు పరిగెత్తినాడు! నేను గుంతలోనుంచి అరస్తానే ఉండా, ఒరే చెంగల్రాయా, ఇట్ల రారా, ఇట్ల రారా అని. వింటేనా!"

మేస్త్రీ చేతులు ఊపుతూ ఆ పరుగును కూర్చున్న చోటే చేసి చూపించాడు. గుంపులో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించారు. అత్త లోపలికి వెళ్లిపోయింది. ఆయన కోసం కలిపిన కాఫీ లోటాలోనే ఉండిపోయింది, ఎవరూ తెచ్చి ఇవ్వలేదు.

వారం తిరగకుండా ఆ మాట ఊరి నోట్లో పడింది. మా ఊరికి ఎగతాళి అంటే ప్రాణం. తిరుపతి బస్సనుకుని వేలూరు బస్సెక్కినవాడిది చెంగల్రాయుడి పరుగు. బంతి అటుపోతే ఇటు ఉరికిన పిల్లవాడిది చెంగల్రాయుడి పరుగు. ఒకరోజు కుళాయి దగ్గర ఒకామె తన కూతురిని, "బిందెలు ఈడుంటే ఆపక్కకు యాడికే, చెంగల్రాయుడి మాదిరి?" అని కేకేసి, వరసలో నిలబడ్డ అత్తను అప్పుడు చూసి నాలుక కరుచుకుంది. అత్త సగం నిండిన బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేసింది. ఆ తరువాత ఊరి చివర మిషన్ ఆస్పత్రి బావి దాకా నడిచి నీళ్లు తెచ్చుకునేది. నేను సెలవులకు వచ్చినప్పుడు ఎందుకంత దూరమని అడిగితే, "ఈ కుళాయి నీళ్లు సప్పగా ఉండాయిలే" అంది. అసలు సంగతి అవ్వ చెప్పింది. చెబుతూ, "సచ్చినోడిని ఇంగా సంపతా ఉండారు రా" అంది.

నాకు మేస్త్రీ కథ అతకలేదు. మామ అక్కడ చాలా నెలలు ఉన్నాడు, ఆ ఊళ్లో సైరన్ ఎన్నోసార్లు మోగి ఉంటుంది. ఎన్నోసార్లు విన్న సైరన్‌ను ఆ రోజు మాత్రమే మన ఊరి సైరన్ అని ఎలా అనుకుంటాడు? అదే క్యాంపులో ఉండి తిరిగి వచ్చిన నగరి మనిషి వేలాయుధాన్ని వెతుక్కుంటూ పోయాను. ఆయన మరమగ్గం నడుపుతున్నాడు. మోతలో ఒక్క ముక్క వినపడలేదు. నేనెవరో అరిచి చెప్పాక, ఆయన మగ్గం ఆపాడు. పక్క ఇళ్ల మగ్గాలు మోగుతూనే ఉన్నాయి.

"మొదటి రోజు నిజమే తంబీ," అన్నాడు. "సైరన్ మోగితే మీ మామ బాయిలరు కాడికి పరిగెత్తినాడు. మేమంతా నవ్వినాము. ఆయనా నవ్వినాడు. ఆ పొద్దే నేర్చుకున్యాడు. తర్వాత మాకన్నా ముందు గుంతలో దిగేవాడు. సైరన్ కొడితే కరెంటు తీసేస్తారు. పంపు నిలిచిపోతాది, బాయిలరుకు నీళ్లు పోవు. నూనె మాత్రం పైట్యాంకు నుంచి దానంతట అదే వచ్చి మండతా ఉంటాది. దాన్ని కట్టేసి గుంతలోకి రావల్సింది మేస్త్రీ. అది ఆయన పని. ఆ పొద్దు ఆయన కట్టలా. అందరికన్నా ముందు గుంతలో ఉండాడు. మీ మామ అడిగినాడు, మేస్త్రీ, నూనె కట్టినావా అని. పలకలా. మళ్లీ అడిగినాడు. తల మోకాళ్లలో పెట్టుకుని పలకలా. మీ మామ లేసి పొయ్యినాడు. గుంత బాయిలరు గోడకు ఆనుకొనే ఉండాది తంబీ. అది పేలింటే మాలో ఒక్కడు ఉండడు. కట్టేసి, తిరిగి వస్తా వాకిట్లో ఉండంగా పడింది బాంబు."

ఇది మా ఊరికి వచ్చి నలుగురిలో చెప్పమన్నాను. ఆయన మగ్గం వైపు తిరిగి దారం సరిచేసుకుంటూ ఉండిపోయాడు. "మా తమ్ముడి పాస్‌పోర్టు మేస్త్రీ కాడ ఉండాది. నన్ను అడగొద్దు" అని మళ్లీ మగ్గం వేశాడు.

ఆ రోజు తిరుగు బస్సులో నేను మేస్త్రీని చంపే పద్ధతులు ఆలోచించాను. చదువుకున్నవాణ్ణి కాబట్టి ఒక్కొక్కటే తీసుకుని, దానిలోని లోపం చూసి, పక్కన పెట్టి, తరువాతిది తీసుకున్నాను. ఆలోచన మధ్యలో పుత్తూరు ఎప్పుడు వచ్చి పోయిందో తెలియలేదు. అన్నిటిలోనూ ఒకే లోపం తేలింది. మేస్త్రీ చస్తే మామ పేరు బాగుపడదు. పైగా నలుగురూ ఆయన మీద జాలిపడతారు. నాకు ఆయన శవం అక్కర లేదు. తిన్నె మీద కూర్చుని ఆయన మామకు అంటగట్టిన ఆ పరుగు, మళ్లీ ఆయనకే అంటుకోవాలి. సాక్షి నోరు విప్పడు. ఇంక సాక్ష్యం చెప్పాల్సింది మేస్త్రీ కాళ్లే.

అవకాశాన్ని ఆయనే తెచ్చి ఇచ్చాడు. గల్ఫు మాని వచ్చి, మా ఊరి పొలిమేరలో ఉప్పుడు బియ్యం మిల్లు కట్టాడు. వడ్లు ఉడకబెట్టడానికి ఊకతో మండే బాయిలరు పెట్టించాడు. దాన్ని బిగించే పని, నేను అప్పుడు ఉద్యోగం చేస్తున్న చిత్తూరు షెడ్డుకే వచ్చింది. నన్ను చూసి ఆయన భుజం మీద చేయి వేశాడు. "సూడండప్పా, చెంగల్రాయుడి మేనల్లుడే మన బాయిలరు బిగిస్తా ఉండాడు. మనసులో ఏమీ పెట్టుకోలా" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆ చేయి బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది. పని మాత్రం శ్రద్ధగా చేశాను. గొట్టాలకు నీటి ఒత్తిడి పరీక్ష చేశాను, సేఫ్టీ వాల్వు విప్పి శుభ్రం చేసి బిగించాను, వాల్వులోంచి వచ్చే ఆవిరి మనుషులు తిరగని వెనక పొలం వైపు పోయేట్టు గొట్టం తిప్పాను. ఊరంతటికీ వినపడాలని మేస్త్రీ ఒక పెద్ద సైరన్ తెప్పించాడు. దాని మీట బాయిలరు పక్కనే పెట్టమన్నాడు. సరేనన్నాను.

ప్రారంభం నాటికి పిలవాల్సిన వాళ్లను నేనూ పిలిచాను. మామతో పనిచేసి రిటైరైన ఫిట్టర్లు కుప్పయ్యతాత, ఇంకో ఇద్దరు, కొత్త బాయిలరు చూద్దాం రమ్మంటే సంబరంగా వచ్చారు. వేలాయుధం నేను పిలవకుండానే వచ్చాడు, ఇంకా చేతికి రాని తమ్ముడి పాస్‌పోర్టు కోసం మేస్త్రీని మంచి చేసుకోవడానికి. అత్తను బతిమాలాల్సి వచ్చింది. "నేనొస్తే శకునం బాగలేదంటారు రా" అంది. "అనుకోనీ, నువ్వు రా అత్తా" అన్నాను. నేను అనుకున్నట్టే, మేస్త్రీ ఇంటి ఆడవాళ్లు పూజ కళ్ల పడకుండా ఆమెను వెనక గేటు దగ్గర, వడ్ల బస్తాల పక్కన నిలబెట్టారు. ముందు వాకిట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. మిల్లులోంచి తొందరగా బయటపడే దారి ఆ వెనక గేటు ఒక్కటే.

గుమ్మడికాయ కొట్టారు. మేస్త్రీ మెడలో దండతో, ముసలి తల్లిని బాయిలరు ఎదుట కుర్చీలో కూర్చోబెట్టి, హారతి పళ్లెం పట్టుకున్నాడు. నేను నీటి మట్టం ఇంకోసారి చూశాను. ఒత్తిడి ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. ఊక తోయడం ముందే ఆపించాను. అప్పుడు ఒక చేత్తో సేఫ్టీ వాల్వు పిడి ఎత్తాను, రెండో చేత్తో సైరన్ మీట నొక్కాను. పొడవుగా కాదు. ముక్కలు ముక్కలుగా, ఆగి ఆగి.

ఆవిరి పులి అరిచినట్టు అరిచింది. ఆ తరువాత జరిగింది చాలా కొద్ది సేపే. కుప్పయ్యతాత, ఆ ఇద్దరు ముసలి ఫిట్టర్లు పంచెలు ఎగ్గట్టి జనాన్ని తోసుకుంటూ బాయిలరు మీదికి వచ్చారు. ఒకాయన అప్పటికే మంట తలుపు మీద చేయి వేశాడు. "నీళ్లు సూడు, నీళ్లు!" అని కుప్పయ్యతాత నన్ను తోసేశాడు. సరిగ్గా అదే సమయంలో మేస్త్రీ హారతి పళ్లెం విసిరేసి, పూజారిని మోచేత్తో నెట్టి, తల్లి కుర్చీని తగులుకుంటూ, ఆమె వైపు తిరిగి కూడా చూడకుండా వెనక గేటు వైపు ఉరికాడు. దండ గేటు గొళ్లేనికి తగిలి తెగింది. వాల్వు వదిలేశాను, మీట వదిలేశాను. మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అత్త గొంతు మిల్లంతా వినిపించింది. ఆమె గట్టిగా కూడా అనలేదు.

"మేస్త్రీ, ఈడ గుంత లేదు."

మేస్త్రీ గేటు పట్టుకుని రొప్పుతూ నిలబడిపోయాడు. జనానికి వెంటనే అర్థం కాలేదు. అప్పుడు వేలాయుధం నవ్వాడు. పెద్దగా, ఆపుకోలేనట్టు, కళ్లలో నీళ్లు వచ్చేట్టు. "ఆ పొద్దూ ఇట్లనే! అచ్చం ఇట్లనే!" అన్నాడు. తరువాత నవ్వు ఆపి, తమ్ముడి పాస్‌పోర్టు మరిచిపోయి, నూనె సంగతి, గుంత సంగతి, మామ రెండుసార్లు అడిగిన సంగతి అక్కడే అందరికీ చెప్పాడు. కుప్పయ్యతాత అంతా విని, "నిప్పు మండతా ఉంటే వదిలేసి వస్తివా?" అన్నాడు మేస్త్రీతో. బాయిలరు మనిషి ఇంకో బాయిలరు మనిషిని అనగలిగిన మాటల్లో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. మేస్త్రీ తల్లి కుర్చీలోంచే, "నన్ను ఇడిసిపెట్టి పొయ్యినావు కదరా" అని ఏడ్చింది. ఆమె ఏడుపు మాత్రం నాకు కష్టంగా అనిపించింది. మిగతాదంతా తృప్తిగానే ఉంది.

షెడ్డు యజమాని నన్ను మర్నాడే పనిలోంచి తీసేశాడు. బాయిలరుతో ఆటలా అన్నాడు. ఆయన అన్నది న్యాయమే. అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను. ఇప్పుడు ఊళ్లోనే, అవ్వ ఇంట్లోనే ఉంటూ సొంతంగా పంపుసెట్ల రిపేరు షెడ్డు నడుపుతున్నాను. అత్త ఆ వారం నుంచే మళ్లీ వీధి కుళాయికి వెళ్లడం మొదలుపెట్టింది. మొదటి రోజున వరసలోని ఆడవాళ్లు జరిగి ఆమె బిందెను ముందు పెట్టారట. అవ్వ ఇంకో రెండు వర్షాకాలాలు బతికింది. పోయేదాకా ఆ చెప్పులు గడప బయటే ఉన్నాయి. మేస్త్రీ మిల్లు నడిచింది, ఆయనా ఊళ్లోనే ఉన్నాడు, కానీ ఇంక ఎవరి తిన్నె మీదా కూర్చోలేదు.

ఇప్పుడు ఫ్యాక్టరీ సైరన్ మోగదు. ప్రతి ఇంట్లో గోడ గడియారం ఉంది. గడప బయట చెప్పులు ఎవరికి తోచినట్టు వాళ్లు విడుస్తున్నారు, చూసి ఎవరి ఇల్లు ఏదో చెప్పలేం. గల్ఫుకు ఇంకా పోతూనే ఉన్నారు, తిన్నెల మీద కూర్చుని ఏరుకునే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. యుద్ధం ఎంత దూరమో అట్లాసు తెరిచి కొలిచేవాళ్లు లేరు.

మేస్త్రీని ఎత్తే రోజున నేను పోలేదు గానీ అత్త పోయింది. తిరిగి వచ్చి, పెరట్లో తల మీద నీళ్లు పోసుకుని, జుట్టు విదిలించుకుంటూ, "సూసి వచ్చినా. పొయ్యినాడు" అంది, అనుమానం తీరినట్టు. అప్పటికి పాడె మా వీధి మలుపు దాటుతోంది, డప్పులు వినిపిస్తున్నాయి. మా అరుగు ముందు పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి పోయి ఎదురింటి పెంకు పగలగొట్టింది. లోపల్నుంచి కేక వినపడగానే కొట్టినవాడు బ్యాటు పారేసి, జట్టును వదిలేసి దౌడు తీశాడు.

"రేయ్, మేస్త్రీ పరుగు సూడండ్రా!" అని మిగతావాళ్లు గోల చేశారు.

ఒకణ్ణి దగ్గరికి పిలిచి మేస్త్రీ అంటే ఎవరురా అని అడిగాను. వాడు డప్పుల వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఏమో తెలీదన్నా. అట్ల వదిలేసి పరిగెత్తేదాన్ని మేస్త్రీ పరుగు అంటారు, అంతే" అని ఆటలోకి వెళ్లిపోయాడు.

అత్త తల తుడుచుకోవడం ఆపి విన్నది. తరువాత దండెం మీది నా చొక్కా తీసి, భుజాల మీద ఊది, నా చేతికి ఇచ్చింది.